పక్కచూపుకు దొరికిన నిజం

1984లో న్యూజెర్సీలో, పిస్కాటవే దగ్గరి ఒక కంటి క్లినిక్‌లో లో-విజన్ నర్సుగా పనిచేసేదాన్ని. ఆపరేషన్‌తో బాగుపడని కళ్లున్నవాళ్లకు మిగిలిన చూపును వాడుకోవడం నేర్పడమే ఆ పని. నాకు ఓపిక తక్కువ. ఉన్న కాస్తా ఆ ఉద్యోగం పెట్టిన భిక్షే.

ఆ వేసవిలో డాక్టర్ సీతామహాలక్ష్మిగారు వచ్చారు. భూకంప తరంగాలను బట్టి భూమి లోపలి పొరలను పరిశోధించిన తొలితరం మహిళల్లో ఒకరు. ఆవిడకు మాక్యులార్ డీజెనరేషన్. అంటే నడిమి చూపు పోయి అంచుల చూపే మిగులుతుంది.

"పేపర్ చదువుకోవాలా మేడమ్, టీవీ చూడాలా?" అని అడిగాను.

"అవెందుకమ్మా! ఒక్క సీస్మోగ్రామ్ చూడాలి."

అది భూమి కదలికను గీతగా గీసిన కాగితం. దానిలోని ఒక చిన్న వంపును బట్టే, లోపల ఎవరికీ తెలియని పొర ఒకటుందని ఆవిడ చాలా ఏళ్ల కిందట ప్రకటించారు. ఆ పొరే లేదని ఇప్పుడు ఆవిడ శిష్యురాలు నాన్సీ కంప్యూటర్‌తో లెక్కకట్టి చెబుతోంది.

"ఆ మెషీన్ చెప్తే నేను ఒప్పుకోను సుజాతా. నేనే చూసి డిసైడ్ చేస్తా" అన్నారు.

ఎక్సెంట్రిక్ వ్యూయింగ్ మొదలుపెట్టాం. సూటిగా కాక, కన్ను కాస్త పక్కకు తిప్పి అంచుచూపుతో పట్టుకోవడం అన్నమాట. కాగితం బల్లమీదే ఉండాలని నేను, కంటి ఎత్తున పడుకోబెట్టి పట్టుకుని గీత వెంబడి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూస్తానని ఆవిడ. అలా చూస్తేనే నిదానంగా లేచి దిగే పొడవాటి అలలు తెలుస్తాయట. నేను మొండి, ఆవిడ జగమొండి. చివరికి కాగితం ఆవిడ పట్టినట్టే ఉంచి, కన్ను తిప్పే నా పాఠాన్నే ఆవిడ అలవాటుకు అతికించాను.

ఒక మధ్యాహ్నం, "దొరికింది!" అన్నారు. నేను చప్పట్లు కొట్టాను. ఆవిడ ముఖం వాడిపోయింది.

"ఈ వంపు అంతకుముందొచ్చిన ఇంకో భూకంపం తోక, దాని చివరి అలలు. అప్పుడు వంపొక్కటే చూశాను, చుట్టుపక్కల చూడలేదు. పొర లేదమ్మా."

నాకు ఏడుపొచ్చింది. "ఇదంతా మీకు నేర్పకుండా ఉండాల్సింది మేడమ్."

"పిచ్చిదానా, నేను పోయాక ఎవరో తేల్చేకంటే ఇది నయం కాదూ? ఆ ఫోన్ ఇలా ఇవ్వు."

నంబరు నేనే తిప్పాను. "నాన్సీ, యూ ఆర్ రైట్. ఐ సా ఇట్ మైసెల్ఫ్" అన్నారు. ఫోన్ పెట్టేశాక మాత్రం చాలాసేపు ముఖం చేతుల్లో దాచుకున్నారు.

చూడగలిగితే అంతా మంచే జరుగుతుందని అంతకుముందు ప్రతి పేషెంట్‌కీ చెప్పేదాన్ని. ఆ తర్వాత ఆ మాట మానేశాను. చూడటం వరకే నేను నేర్పగలను. కనబడినదాన్ని ఒప్పుకునే గుండె వాళ్లదే.