నంద్యాల పిలుస్తోంది, డోన్!

మా పక్కింటి అంకుల్ పోయారన్న కబురు ముందు నాకు రాలేదు, మా అమ్మాయికి వెళ్ళింది. ఆయన కొడుకు నన్ను కాదని దానికే ఫోన్ చేశాడు. అది ఆఫీసు నుంచి నాకు చేసి, "మా, ఇంక నంద్యాల పిలవదు మా. పొద్దున పోయినారంట," అంది. ఏడుపు దిగమింగుకుంటూ చెప్పినా ఆ మాటలో యాస మాత్రం చెక్కుచెదరలేదు. మాది తెనాలి, మా ఆయనదీ ఆ చుట్టుపక్కలే. సిడ్నీలో పెరిగిన పిల్లకి కర్నూలు యాస ఎక్కడ అంటుకుందని మా చుట్టాలు ఇప్పటికీ నవ్వుతారు. ఎక్కడ అంటుకుందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మేం సిడ్నీ శివార్లలోని కెల్లీవిల్ చేరేసరికి మా వీధిలో ఇళ్ళకంటే ఇటుకల గుట్టలే ఎక్కువ. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తలకిందులవుతాయని లోకమంతా భయపడుతున్న రోజులవి. ఆ గండం తప్పించే పని మీదే మా ఆయన వచ్చారు. పక్కింటి అంకుల్‌ కూడా అందుకే వచ్చారు గానీ, అప్పటికే ఆయనకి యాభై దాటాయి. కుర్రాళ్ళెవరూ నేర్చుకోని పాత కంప్యూటర్ భాష కోబాల్ ఆయనకి కొట్టిన పిండి. "ముసలోళ్ళకి గూడా ఒక సీజన్ వచ్చిందమ్మా" అని మురిసిపోయేవారు. తీరా కొత్త సంవత్సరం వచ్చింది. ఏమీ కూలిపోలేదు, బ్యాంకులు ఎప్పటిలాగే తెరిచారు, అంకుల్ కాంట్రాక్టు మాత్రం అయిపోయింది. "గండం గడిచింది. గడిపిచ్చినోణ్ణి ఇంటికి పంపినారు," అన్నారు గోడ మీద నుంచి, టీ గ్లాసుతో. ఇంకో ఉద్యోగం దొరికేదాకా మధ్యాహ్నాలు ఆయనకి ఖాళీ. ఆ ఖాళీ మాకు దక్కింది.

ఆయనకి ఇంకో వ్యాపకం ఉండేది. తెలుగులో ఒక యుద్ధ నవల రాసేవారు, అదీ అంతరిక్షంలో జరిగే యుద్ధం. అందులో పైలట్లకి చెవి వెనక నుంచి ఒక తీగ ఉంటుంది. దాన్ని యుద్ధవిమానంతో కలిపితే విమానం చూసేదంతా పైలట్‌కి కనిపిస్తుంది, దాని రెక్కకి దెబ్బ తగిలితే పైలట్ భుజం మండుతుంది. ఈ కలయికకి ఆయన పెట్టుకున్న పేరు నరంముడి. పైలట్ల పేర్లు నంద్యాల, డోన్, గుత్తి, ఆదోని. ఇవేం పేర్లని నేను ఆటపట్టిస్తే, "పేర్లకి వెతుక్కునేది యాలమ్మా, మా రైల్వే లైనంతా ఉండాది గదా!" అనేవారు. వారపత్రికలకి పంపిన భాగాలన్నీ పంపినట్టే తిరిగొచ్చేవి. కొంచెం ప్రేమకథ కలపమని ఒక ఎడిటర్ సలహా ఇచ్చాడట. ఆ మాట ఎత్తితే చాలు, అంకుల్‌కి ఒళ్ళు మండేది.

ఇక మా పాప సంగతి. రెండో ఏట విపరీతమైన జ్వరం వచ్చి వినికిడి పూర్తిగా పోయింది. ఇక్కడికొచ్చాక ఆపరేషన్ చేసి తల లోపల చిన్న యంత్రం పెట్టారు. బయట చెవి వెనక బిళ్ళ ఒకటి అయస్కాంతంతో అతుక్కుంటుంది, దాని నుంచి ఒక తీగ నడుముకి కట్టిన చిన్న పెట్టెలోకి వస్తుంది. మొదటిసారి ఆన్ చేసిన రోజు దాని మొహంలో వెలుగు చూడాలని నేను కెమెరా పట్టుకుని కూర్చున్నాను. పిల్ల కెవ్వుమని అరిచి బిళ్ళ పీకి పారేసింది. దానికి వినబడింది మాటలు కాదు, మోత. ఆ రోజు నుంచి నేను పెట్టడం, అది పీకడం. ఇప్పుడు అలవాటు పడకపోతే పెద్దయ్యాక మాట రావడం కష్టమని డాక్టర్లు ముందే చెప్పారు. 

దానికి తోడు ఇంకో సలహా. ఇలాంటి పిల్లలతో ఒకే భాష, అదీ ఇంగ్లీషే మాట్లాడాలని ఆ రోజుల్లో చాలామంది చెప్పేవారు. మంచికే చెప్పారు. కానీ నా ఇంగ్లీషు అప్పుడు కూరగాయలు కొనడానికే చాలేది కాదు. ఈట్, కమ్, స్లీప్. అంతటితో నా నోరు మూతపడేది. పిల్లకి చెవులొచ్చాయి, నాకు నోరు పోయింది.

ఒక మధ్యాహ్నం పెరట్లో బట్టలు ఆరేస్తూ దాని వెంటపడ్డాను. అది ఏడుస్తోంది, నేనూ ఇంచుమించు అదే పనిలో ఉన్నాను. గోడ అవతల నుంచి అంకుల్ కేకేశారు.

"ఏందమ్మా, పిల్లను అట్ల తరుముతాండావు?"

"ఇది పెట్టుకోదంకుల్. పెట్టుకోకపోతే దీనికి మాట రాదు."

ఆయన గోడ దగ్గరికొచ్చి నా చేతిలోని బిళ్ళనీ తీగనీ చూశారు. ఆయన మొహం విప్పారింది.

"ఇది నరంముడి గదమ్మా!"

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇది మీ నవల కాదంకుల్," అన్నాను కటువుగానే.

"కాదులే తల్లీ. నేను ఇన్నేండ్లు రాసినా గానీ, నిజంగా ముడి పడిన పైలట్‌ను ఇప్పుడే చూస్తాండా. ఆ బిళ్ళ గడ్డి మీద పెట్టు. నువ్వు పెట్టొద్దు ఆ పాపకి."

ఆయన మా పెరట్లోకి వచ్చి, గొడుగు విప్పినట్టు నాలుగు చేతులతో గిరగిరా తిరిగే బట్టల స్టాండు కింద కూర్చున్నారు. తన చెవికి ఒక దారం చుట్టుకుని రెండో కొసని చొక్కా జేబులో దోపుకున్నారు. బట్టల క్లిప్పు నీలంది ఒకటి తీసుకుని ఎగరేశారు. దారం తీసేస్తే క్లిప్పు కింద పడుతుంది, చుట్టుకుంటే లేస్తుంది. ఆ స్టాండే పెద్ద ఓడ, క్లిప్పులు యుద్ధవిమానాలు, ఐస్‌క్రీమ్ డబ్బా వాటి షెడ్డు. నీలం క్లిప్పు కెప్టెన్ నంద్యాల. ఎర్ర క్లిప్పుని మాత్రం పాప ముందు, బిళ్ళ పక్కన పెట్టి ఊరుకున్నారు. అది డోన్. మాట అర్థంకాని పిల్లకి ఆయన యుద్ధమంతా చేతులతోనే చెప్పారు.

"పెట్టుకోమని చెప్పండంకుల్," అని నేను తొందరపడితే, "ముడి వేసుకునేది పైలటే, విప్పుకునేది పైలటే. మనం వేస్తే విమానం లేవదు," అన్నారు. ఆ మాట ఆ తర్వాత ఆయన నోట ఎన్నోసార్లు విన్నాను.

కొన్ని మధ్యాహ్నాలు అలాగే గడిచాయి. ఒకరోజు పాప తనంతట తనే బిళ్ళ తీసి తలకి పెట్టుకుంది. మోతకి మొహం ముడుచుకుపోయింది, చెయ్యి మాత్రం బిళ్ళ మీదే ఉంచింది. అంకుల్ చాలా మెల్లగా, "నంద్యాల పిలుస్తాండాది. డోన్, వినపడతాందా?" అన్నారు. పాప ఆయన్నే చూస్తూ లేచి, మునివేళ్ళ మీద నిలబడి, ఎర్ర క్లిప్పు స్టాండు తీగకి తగిలించింది. నేను తడిబట్టల బుట్ట పట్టుకుని అక్కడే నిలబడి ఏడ్చాను.

ఆ తర్వాత పని సులువైంది. రోజూ పొద్దున వినికిడి పరీక్ష చెయ్యమని పాపకి మాట నేర్పే థెరపిస్టు మాకు నేర్పింది. పెదాలు కనబడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ, ఊ, ఈ, ష్, స్, మ్ అని ఒక్కొక్కటే అనాలి. వినబడినప్పుడల్లా పిల్ల ఒక వస్తువు డబ్బాలో వెయ్యాలి. నాతో చేస్తే అది పరీక్ష. గోడ అవతల నుంచి అంకుల్ చేస్తే విమానం ఎగిరే ముందు తనిఖీ. క్లిప్పులు టపటపా డబ్బాలో పడేవి.

ఇంగ్లీషే మాట్లాడాలన్నారని ఆయనకి చెప్పాను. ఆయన నవ్వుతూ, "నా పైలట్లకి ఇంగ్లీషు రాదమ్మా," అన్నారు. తర్వాత నవ్వు ఆపి, "నువ్వు తెలుగులో అయితే పొద్దుగూకులూ మాట్లాడతావు. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. పాపకి ఏది ఎక్కువ వినపడతాది, నువ్వే చెప్పు," అన్నారు. అదే మాట మా ఆయన చేత థెరపిస్టుకి చెప్పించాను. ఆవిడ ఏదో అనబోయేంతలో పాప బిళ్ళ సర్దుకుంటూ, "వినపడతాంది," అంది. అదేమిటని ఆవిడ అడిగింది, మా ఆయన చెప్పారు. "అది ఏ భాషైనా సరే, ఆపకండి," అందావిడ. ఆ రోజు ఇంటికెళ్ళే దారి పొడుగునా కారులో నేను నోరు మూస్తే ఒట్టు. చెట్లు, సిగ్నళ్ళు, లారీలు, ఎవరో పెంచుకుంటున్న గుర్రాలు, అన్నిటి గురించీ తెలుగులో చెప్పాను. నా నోరు నాకు తిరిగిచ్చింది అంకులే.

ఆయనకీ మా పాపకీ ఒక్కసారే గొడవైంది. ఎంతైనా ఆయన యుద్ధ నవలాకారుడు కదా, వీరమరణం లేకపోతే మనసొప్పదు. ఓ రోజు పెద్ద ఓడని కాపాడబోయి డోన్ నేలకొరిగిందని చెప్పి, ఎర్ర క్లిప్పుని గడ్డి మీద పడుకోబెట్టి దాని మీద ఆకు కప్పారు. పాప ఆకు తీసి పారేసి, క్లిప్పుని మళ్ళీ తీగకి తగిలించింది.

"డోన్ సావదు!"

"యుద్ధమన్నాక ఒక్కరైనా సావకుంటే ఎట్ల పాపా?" ఎడిటర్‌తో వాదించినట్టే వాదించారాయన.

"సావదు. దిగుతాది."

అంకుల్ ఓడిపోయారు. ఆ రోజు నుంచి ఆ యుద్ధంలో చావుల్లేవు, అందరూ దిగడమే. కథ ముగిసేటప్పుడు పాప, "డోన్ దిగింది," అనేది. ఆయన, "మంచిది. ముడి విప్పుకో," అనేవారు. అప్పుడు బిళ్ళ తీసేసి తన నిశ్శబ్దంలో హాయిగా ఆడుకునేది. తీసేయడం ఓడిపోవడం కాదని నాకు అర్థమైంది ఆ మాటతోనే. ఇప్పటికీ ఆఫీసు గోల పడలేక ఇంటికొస్తే, "దిగినా మా," అని బిళ్ళ తీసి బల్ల మీద పెడుతుంది. నేను మంచిదంటాను.

ఆయన నవలంతా చావుల్లేకుండా తిరగరాశారు. అదీ తిరిగొచ్చింది. "ఆ ఎడిటర్ పైలట్ కాదులేమ్మా," అని నవ్వేశారు. కొన్నాళ్ళకి వేరే ఉద్యోగం దొరికింది, పాప బడికెళ్ళింది, గోడ దగ్గర కబుర్లు ఆదివారాలకి మారాయి. ఈ మధ్య ఆయనకే చెవులు మందగించాయి. కొడుకు వినికిడి మెషిన్ కొనిస్తే సొరుగులో పడేశారు. మా అమ్మాయి వెళ్ళి దాన్ని ఆయన ముందు పెట్టింది గానీ, పెట్టుకోమని మాత్రం అనలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది. కాసేపు చూసి ఆయనే పెట్టుకున్నారు. "స్" అంటే ఆయనకి వినబడేది కాదు, అయినా దాని కళ్ళు చూసి క్లిప్పు వేసేసేవారు. "దొంగ! చూసి ఏసినావు," అని ఇది అరిచేది.

ఖననం అయ్యాక అందరం వాళ్ళింటికి వచ్చాం. లోపల అంకుల్ వాళ్ళావిడ చుట్టూ ఆడవాళ్ళున్నారు. ఎవరో అందించిన టీ చల్లారిపోతుంటే మా అమ్మాయి కోసం చూశాను. వంటింటి కిటికీలోంచి పెరట్లో కనబడింది. వాళ్ళ బట్టల స్టాండు మీద బట్టల్లేవు. మా పెరట్లో ఆడడం మానేశాక ఆ రెండు క్లిప్పులనీ అంకుల్ తమ తీగకే తగిలించి ఉంచారు. ఎండకి వెలిసి నీలం బూడిద రంగైంది, ఎరుపు గులాబీ రంగైంది.

మా అమ్మాయి నీలం క్లిప్పుని తీసి కాసేపు గుప్పిట్లో పట్టుకుంది. తర్వాత వంగి స్టాండు కింది ఐస్‌క్రీమ్ డబ్బాలో మెల్లగా వేసింది.

"నంద్యాల దిగింది," అంది. బదులు చెప్పడానికి అంకుల్ లేరు. అందుకని ఆ మాటా తనే చెప్పింది. "మంచిది. ముడి విప్పుకో."

అప్పుడు తన బిళ్ళ కూడా తీసి జేబులో వేసుకుంది. గాలికి స్టాండు కిర్రుమంటూ తిరుగుతోంది. ఆ చప్పుడు దానికి వినబడదు. ఎర్ర క్లిప్పు తన ముందుకొచ్చి, దాటిపోయి, మళ్ళీ రావడం చూస్తూ అలాగే నిలబడింది.