నాన్న ఆర్థికమంత్రి అయిన పూట

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. పత్తి అమ్మిన రోజు నాన్న నేరుగా అప్పిచ్చినవాళ్ల దగ్గరికి వెళ్లి, బాకీ తీర్చాకే ఇంటికొచ్చి అన్నం తింటాడు. ఒక పంటతో తీరని అప్పంటే ఆయనకు ఒళ్లు మంట. అందుకే నాకు ఎం.ఏ. ఎకనామిక్స్‌లో సీటొచ్చి, ఫీజు కోసం బ్యాంకు లోను అడిగితే, "సంతకం పెట్టను. ఏడాది ఆగు" అన్నాడు. ఏడాది ఆగిన ఆడపిల్ల మళ్లీ కాలేజీ గడప తొక్కడం మా ఊళ్లో నేను చూడలేదు. నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఐదో రోజు నా నోరు ఊరుకోలేదు. నరసరావుపేటలో డిగ్రీ చదివేటప్పుడు మా లెక్చరర్ ఆన్‌లైన్‌లో ఒక బడ్జెట్ ఆట ఆడించారు. ఒక దేశాన్ని మన చేతిలో పెడతారు. పన్నులు, ఖర్చులు, అప్పులు మనమే తేల్చాలి. బటన్ నొక్కితే ఏడాది గడిచిపోయి ఫలితం కనిపిస్తుంది. టీవీలో మంత్రుల్ని రోజూ కడిగేసే నాన్న ముందు ఆ ఆట తెరిచి ఫోను పెట్టాను.

"ఏందే ఇది?"

"నువ్వే ఆర్థికమంత్రివి. పదేళ్లు నడుపు, చూద్దాం."

కళ్లజోడు తెచ్చుకున్నాడు. అనుకున్నట్టే మొదటి సంవత్సరమే వచ్చిందంతా దేశం పాత అప్పుకు కట్టేశాడు. బళ్లు, ఆసుపత్రులు, కాలవలు, అన్నిటికీ కోత. క్లాసులో నేనూ అదే పని చేసి నవ్వులపాలయ్యానని ఆయనకు చెప్పలేదు. మూడో ఏటికి పంటలు పోయాయి, పన్నులు రాలేదు. అప్పు కొంచెం తగ్గింది, ఆదాయం అంతకంటే ఎక్కువ తగ్గింది. ఐదో ఏట ప్రభుత్వం పడిపోయింది.

"ఈ ఆట చానా అన్యాయంగా ఉంది" అని మళ్లీ మొదలుపెట్టాడు.

ఈసారి అప్పు తెచ్చి జనానికి పంచాడు. రెండేళ్లు జేజేలు, ఆ తర్వాత వచ్చిందంతా వడ్డీకే పోయింది. "మనూరి ఎలక్షన్ లాగుందే" అని తనే నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆట కూడా ఆయన పక్షమే మాట్లాడుతోంది.

మూడోసారి చాలాసేపు ఆలోచించాడు. మా పొలం కాలవ చివర ఉంటుంది. పూడిక తియ్యని ఏడాది నీళ్లు మాదాకా రావు. అందుకేనేమో, ఈసారి అప్పు తెచ్చి కాలవల మీద, బళ్ల మీద మాత్రమే పెట్టాడు. మొదటి మూడేళ్లు అప్పు పెరుగుతుంటే ఆయన ముఖం మాడిపోయింది. ఆరో ఏట ఆదాయం కదిలింది. పదేళ్లూ ప్రభుత్వం నిలబడింది.

"అప్పు ఇంకా తీరలేదే?"

"అంతా ఒకేసారి తీరదు నాన్నా. మోయగలిగేంత ఉంటే చాలు."

ఫోను నా చేతికిచ్చి, చొక్కా వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. ఇక నా చదువు అయిపోయిందనుకుని ఏడ్చాను.

సోమవారం పొద్దున్నే, "ఆ కాయితాలు తీసుకో, పేట పోదాం" అన్నాడు. బ్యాంకులో ఆఫీసరు లోను దేనికని అడిగారు. నేను నోరు తెరిచేలోపే నాన్న, "కాలవకి సార్" అన్నాడు.

ఆఫీసరు కాయితాల వంకా మా వంకా చూశారు.

"అదే సార్, మా అమ్మాయి చదువుకి" అని, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించమన్నాడు.