ముగ్గురం కలిసి ఒంటరిగా

డాక్టరమ్మ నన్ను ఒంటరిగా బస్సెక్కి తార్నాక నుంచి మెట్టుగూడ దాకా వెళ్ళి రమ్మంది. వెళ్ళానండీ. కాకపోతే నాతోపాటు ఇంకో ఇద్దరు కూడా ఒంటరిగా వచ్చారు. ఆ తర్వాత ఏమైందంటారా, సగం సికింద్రాబాదు నా ఎడమకాలి చెప్పు కోసం వెతికింది. టీ చల్లారిపోతుంది, తాగుతూ వినండి.

ఇదంతా ఐదు నెలల కిందట మొదలైంది. చర్చి నుంచి బస్సులో వస్తున్నాను. ఏ కారణమూ లేదు, కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉండగా గుండె దడదడలాడింది. మామూలు దడ కాదు. పెళ్ళి బ్యాండువాళ్ళు పాతికమంది నా పక్కటెముకల మధ్య దూరి ప్రాక్టీసు మొదలుపెట్టినట్టు. పట్టిన చెమటకి బకెట్ పెడితే నిండేది. ఊపిరి అందలేదు. చచ్చిపోతున్నాననే అనుకున్నాను. దిగి, ఆటోలో పడి ఆసుపత్రికి వెళితే ఈసీజీ తీసి, నార్మల్ అన్నారు. ఇంకో రెండుసార్లు అలాగే వచ్చింది, ఇంకో రెండు ఆసుపత్రులకి వెళ్ళాను, అక్కడా నార్మలే. ముప్ఫై నాలుగేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పి, పిల్లల్ని గజగజ వణికించిన సుగుణమ్మ టీచర్ని నేను. ప్రాణం పోయేంత పని చేసి చూపిస్తే నార్మల్ అంటారా? ఎంత అవమానం.

ఆ తర్వాత బస్సు మానేశాను. బస్సు లేదు కాబట్టి చర్చి మానేశాను. జనం ఉంటారని కూరగాయల బండి దగ్గరికీ వెళ్ళడం మానేశాను. చివరికి మా గేటు దాటితే గల్ఫ్ వెళ్ళొచ్చినంత పనయ్యేది. నాతో ఉండేది మా మనవరాలు బ్లెస్సీ ఒక్కతే. ఇక్కడే యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తోంది. జొన్నకంకికి పట్టే బూజు మీద ఐదేళ్ళ పరిశోధన. మా ఇంట్లో ఊరగాయకి బూజు పడితే నేను సిగ్గుపడి పారేస్తాను, అది దానికి ఫొటోలు తీసి డాక్టరేట్ తెచ్చుకుంటోంది.

రెండు నెలల కిందట డిపార్టుమెంటులో దాని సెమినార్ ఉంటే, స్కూటీ వెనక కళ్ళు మూసుకుని కూర్చుని వెళ్ళాను. హాలు తలుపులు వేశారు, ఏసీ పెట్టారు. ఐదు నిమిషాలు కాలేదు, బ్యాండు మొదలైంది. లేచి, నలుగురి కాళ్ళు తొక్కుకుంటూ బయటికి పరుగు తీశాను. డెబ్బై మూడేళ్ళ మనిషి అలా పరిగెడుతుంటే ప్రొఫెసర్లు భూకంపం అనుకుని ఉంటారు. బ్లెస్సీ మాట మధ్యలో ఆపేసి, మైకు పట్టుకునే నా వెనకాల వచ్చేసింది. బయట మెట్ల మీద నా వీపు రాస్తూ కూర్చుంది. లోపల దాని సెమినార్ ఆగిపోయింది.

ఆ రాత్రి చెప్పేశాను. "నీ పీహెచ్‌డీ వైవా పరీక్షకి నేను రానే. మళ్ళీ పాడుచేస్తాను."

అది పళ్ళెంలోంచి తల ఎత్తలేదు. "నువ్వు లేని వైవా నాకెందుకు అమ్మమ్మా," అంది. అంతే. మర్నాడే నన్ను క్యాంపస్ హెల్త్ సెంటర్‌లో మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గర కూర్చోబెట్టింది.

ఆవిడ బ్లెస్సీకంటే రెండేళ్ళు పెద్దదేమో, అంతే. కానీ నేను చెప్పిందంతా విని, మొదటిసారి ఒక మనిషి నార్మల్ అనలేదు. ఇది జబ్బే, దీని పేరు ప్యానిక్ డిజార్డర్, గుండె బాగానే ఉంది కానీ ఒంట్లో అలారం ఊరికే మోగుతోంది, నయమయ్యేదే, అంది. నాకెంత సంతోషమేసిందో, లేచి ముద్దు పెట్టుకోబోయాను. రోజుకో మాత్ర వేరే డాక్టరుగారితో రాయించింది. అసలు మందు మాత్రం వేరే ఉందట. భయం నుంచి పారిపోకుండా అందులోనే కూర్చోవాలట. అది వస్తుంది, ఎక్కుతుంది, దానంతట అదే దిగుతుంది, దిగేదాకా ఆగాలి, అంది. నిచ్చెన గీసిచ్చింది. కింది మెట్టు తలుపేసిన గదిలో పది నిమిషాలు, పైమెట్టు వైవా హాలు. ప్రతి మెట్టు దగ్గరా భయం ఎంతో వందకి ఇన్ని అని నోట్‌బుక్‌లో రాయాలి.

మొదటి మెట్టుకి నేను నాలుగొందలు రాశాను.

"వంద దాటకూడదమ్మా," అంది.

"వందలో పట్టలేదు డాక్టరమ్మా," అన్నాను.

బస్సు మెట్టు వచ్చేసరికి అసలు పేచీ పడింది. నా చేతిసంచీ విప్పించింది. అందులో నీళ్ళ సీసా, గ్లూకోజు పొట్లం, నీలగిరి తైలం, మా చర్చి కరుణమ్మ వాళ్ళాయన నాలిక కింద పెట్టుకునే గుండె మాత్ర, బైబిలు. బైబిలు తప్ప అన్నీ ఇంట్లో పెట్టమంది. తోడు కూడా వద్దంది. నడవగలిగినవాళ్ళకి చంకకర్రలు ఇస్తే నడక మరిచిపోతారట. సరే అన్నాను. నేను సరే అన్నానంటే పిల్లలు నమ్ముతారు. పెద్దవాళ్ళు నమ్మకూడదు.

కరుణమ్మ మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఉండి రిటైరైన మనిషి, మా చర్చి స్త్రీల సమాజానికి సెక్రటరీ. ఎదురింటి నాగలక్ష్మి కడప నుంచి వచ్చి ముప్ఫై ఏళ్ళయింది, ఏ ఏకాదశీ వదలదు. ఇద్దరినీ పిలిచి ప్లాన్ చెప్పాను. నేను ముందు సీట్లో ఒంటరిగా కూర్చుంటాను. వాళ్ళు మూడు సీట్ల వెనక, నా సామానంతా పట్టుకుని, నేనెవరో తెలియనట్టు కూర్చోవాలి. నేను బాగుంటే తల గోక్కుంటాను. బాగోకపోతే చేతిరుమాలు పడేస్తాను. నా ఫోను కూడా కరుణమ్మ సంచీలోనే వేశాను, ఫోను లేకుండా వెళ్ళానని డాక్టరమ్మకి నిజమే చెప్పొచ్చని.

మంగళవారం పొద్దున తార్నాక బస్టాపులో కరుణమ్మ నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టింది. ఆమెన్ అనేలోపు రెండు బస్సులు పోయాయి. మూడోది ఎక్కాం. కండక్టరు నా ఆధార్ కార్డు చూసి, ఆడవాళ్ళకి ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ ఇస్తుంటే, వెనక నుంచి కరుణమ్మ, తనకి నేనెవరో తెలీదు కదా, "అమ్మాయ్ సుగుణా, మాది కూడా నువ్వే తీసుకో," అని అరిచింది.

కండక్టరు నన్నూ వాళ్ళనూ చూశాడు. "ఒక్కరేనంటివి గదా పెద్దమ్మా?"

"ఒక్కదాన్నే నాయనా. వాళ్ళు కూడా ఒక్కొక్కరే," అన్నాను.

కిటికీ పక్కన కూర్చుని చెప్పులు విప్పి కాళ్ళు చాపాను. అది నాకు అలవాటు, పెళ్ళిచూపుల్లో కూడా విప్పాను. బస్సు కదిలింది. ఏమీ రాలేదు. తల గోక్కున్నాను. మళ్ళీ గోక్కున్నాను. పక్కన కూర్చున్న అమ్మాయి మెల్లిగా అటు జరిగింది, పేలనుకుని ఉంటుంది.

రావలసింది నాకు రాలేదు కానీ, వెనక నాగలక్ష్మికి వచ్చింది. తప్పు నాదే. ఐదు నెలలుగా రోజూ సాయంత్రం దానికి నా జబ్బు వర్ణించాను. బ్యాండుమేళం, బకెట్ చెమట, కళ్ళ ముందు పరలోకం, ఏదీ తక్కువ చేయలేదు. ఆ రోజు ఏకాదశి, దాని కడుపులో నీళ్ళు తప్ప ఏమీ లేవు. బస్సు కుదుపుకి గుండె ఒక్కసారి ఎగిరిందట. అంతే, గొంతు వినిపించింది.

"అక్కా, నీకొచ్చిందే నాకూ వచ్చినట్టుండాది. నేను పోతాండా."

తిరిగి చూస్తే అది తెల్లబడి సీటు కమ్మీ పట్టుకుని ఉంది. కరుణమ్మ నా నీళ్ళ సీసా మూత తీసి దాని మొహానికి కొట్టబోయి, ముందు సీట్లో పెద్దమనిషి వీపంతా తడిపింది. నేను చెప్పుల సంగతి మర్చిపోయి లేచాను. నడిచే బస్సులో, ఉత్త కాళ్ళతో, దాని దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను.

"నాగలక్ష్మీ, నన్ను చూడు. నేను చెప్పినవి సగం అబద్ధాలే. ఇది ఎక్కుతుంది, దిగుతుంది. ఎవరూ పోరు. ఊపిరి మెల్లిగా వదులు."

అది వదిలింది. డాక్టరమ్మ నాకు చెప్పిన పాఠమంతా అక్షరం పొల్లుపోకుండా దానికి అప్పజెప్పాను. మెట్టుగూడ వచ్చేసరికి దాని మొహంలో రంగు తిరిగింది. గాలి కోసం కరుణమ్మ దాన్ని పట్టుకుని దింపింది, నా సంచీ, నా ఫోనూ తన భుజానే ఉన్నాయి. నేను చెప్పుల కోసం నా సీటు దగ్గరికి వెళ్ళాను. కుడిది దొరికింది. ఎడమది సీటు కింద ఎటో జారిపోయింది. నేను వంగి వెతుకుతుండగా బస్సు కదిలింది.

ఆపమన్నాను. "సిగ్నల్ పడ్డది పెద్దమ్మా, గీడ ఆపరాదు. ముంగట స్టాపుల దిగు," అన్నాడు కండక్టరు. కిటికీలోంచి చూస్తే కరుణమ్మ నా నీళ్ళ సీసా ఊపుతూ బస్సు వెనక పరిగెడుతోంది. సీసా చిన్నదవుతోంది. కనిపించకుండా పోయింది.

అప్పుడొచ్చిందండీ.

ఇది మాత్రం ఉన్నదున్నట్టు చెప్తాను. గుండె కొట్టుకుంది. చేతులు చల్లబడ్డాయి. దిగిపోవాలనిపించింది. నీళ్ళు లేవు, మాత్ర లేదు, ఫోను లేదు, పిలిస్తే పలికే మనిషి లేదు. ఒక చెప్పు ఉంది. బైబిలు సంచీతోపాటే పోయింది, నోటికి వచ్చిన ఒక్క కీర్తన గుర్తు తెచ్చుకుందామంటే రెండో చరణం రాలేదు. ముందు స్టాపు వచ్చింది. తలుపు తెరుచుకుంది. దిగొచ్చు. ఇక్కడ దిగితే శుక్రవారం వైవా హాల్లోంచి కూడా లేచి పరిగెడతానని తెలుసు. బ్లెస్సీ మైకు పట్టుకుని నా వెనక రావడం కళ్ళ ముందు కనిపించింది. కూర్చున్నాను. నాలో నేనే లెక్క పెట్టుకున్నాను. డెబ్బై ఎనిమిది. కాసేపటికి డెబ్బై. తర్వాత యాభై ఐదు. సికింద్రాబాదు స్టేషన్ దగ్గరకి వచ్చేసరికి నలభై, పైగా ఆకలి.

కండక్టరూ, డ్రైవరూ, దిగేవాళ్ళూ, అందరూ వంగి నా చెప్పు వెతికారు. డ్రైవరు సీటు వెనక దొరికింది. తొడుక్కుని రోడ్డు దాటి, తార్నాక వైపు వెళ్ళే బస్సెక్కి, కొంగున కట్టుకున్న ఆధార్ చూపించి, ఇంకో జీరో టికెట్‌తో ఒంటరిగా వచ్చాను. ఈసారి నిజంగా.

ఈలోపు కరుణమ్మ బ్లెస్సీకి ఫోన్ చేసి, మీ అమ్మమ్మ బస్సులో కొట్టుకుపోయింది అని చెప్పి, స్త్రీల సమాజం గ్రూపులో ప్రార్థన మనవి కూడా పెట్టేసింది. నేను దిగేసరికి స్టాపులో స్కూటీ మీద బ్లెస్సీ, హెల్మెట్ కూడా తీయలేదు.

"ఎక్కడికెళ్ళావు?"

"సికింద్రాబాదు."

"ఎవరితో?"

"ఎవరూ లేరే."

హెల్మెట్‌తోనే నన్ను వాటేసుకుంది. నా నుదురు బొప్పి కట్టింది. గుమ్మడికాయంత.

డాక్టరమ్మ దగ్గర అంతా ఒప్పుకున్నాను. ఆవిడ నవ్వి నవ్వి కళ్ళద్దాలు తుడుచుకుని, మెట్టుగూడ దాకా సున్నా, అక్కడినుంచి పూర్తి మార్కులు వేసింది. నాగలక్ష్మికి చెప్పిన పాఠం మాత్రం తనకంటే బాగా చెప్పానంది.

శుక్రవారం వైవాకి వెళ్ళాను. తలుపు పక్కన కాదు, కావాలనే వరస మధ్యలో కూర్చున్నాను. కరుణమ్మనీ నాగలక్ష్మినీ ఆ చివర కూర్చోబెట్టాను. తలుపులు వేశారు. వచ్చింది. ఉన్నాను. పోయింది. బయటినుంచి వచ్చిన పెద్ద ప్రొఫెసరు బూజు గురించి ఏదో చిక్కు ప్రశ్న వేస్తే, బ్లెస్సీ ఒక్క క్షణం ఆగి నా కుర్చీ వైపు చూసింది. కుర్చీలో నేను ఉన్నాను. అది తిరిగి జవాబు మొదలుపెట్టింది. ఆ తర్వాత కజ్జికాయలు పంచాను.

సోమవారం డాక్టరమ్మ నోట్‌బుక్ తీసి చూసింది. తలుపులేసినప్పుడు అరవై, అయిపోయేసరికి ఏడు. ఒక్కటి కూడా వంద దాటలేదు.

"చాలా బాగుందమ్మా. ఇప్పుడు ఉన్నదున్నట్టు రాస్తున్నారు. హాల్లో జనం బాగా ఉన్నారా?"

"వెయ్యిమంది, డాక్టరమ్మా."

"ఆ హాల్లో నలభై కుర్చీలే కదా?"

"మిగతావాళ్ళు నిలబడ్డారు," అన్నాను.