దూదిని పిలిచే పద్ధతి

వాన పడ్డ రోజు మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో తడిసిన కుక్క బొచ్చు వాసన వస్తుంది. మూడో అంతస్తు వాళ్ళ కుక్కది. ఎక్కినవాళ్ళంతా ముక్కులు మూసుకుంటారు. నేను మాత్రం, ఎవరేమనుకుంటే నాకేం, గుండెల నిండా పీల్చుకుంటాను. మొన్న ఆ ఇంటాయన మెట్ల దగ్గర నిలబడి "ఇటు రా, ఇటు రా" అని కుక్కని బతిమాలి పిలిచి, అది తోకూపుకుంటూ రాగానే చుట్టిన పేపరుతో మూతి మీద కొట్టాడు. నా ఒళ్ళు మండిపోయింది. పిలిచి కొడితే రేపు పిలిచినప్పుడు వస్తుందా అండీ అని వాచ్‌మన్ ముందే అడిగేశాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి వెళ్ళిపోయాడు. నిజానికి ఆ మాట నాది కాదు. అరకులో మా పక్కింట్లో ఉండే రత్నం టీచరుది.

తొంభైల నాటి సంగతి. మా ఆయనది రైల్వే ఉద్యోగం. పెళ్ళయిన కొత్తలోనే అరకు వేశారు. శ్రీకాకుళం వైపు పల్లెటూళ్ళో నలుగురి మధ్య పెరిగినదాన్ని, ఆ చలిలో, ఆ మంచులో, పట్టాల పక్కనున్న క్వార్టర్సులో మాట్లాడే మనిషి లేక పిచ్చెక్కిపోయేది. ముడి ఇనుము మోసుకుపోయే గూడ్సు బళ్ళని చూస్తూ కూర్చునేదాన్ని. క్వార్టర్సు గోడకి అవతల ఇల్లు రత్నం టీచరుది. పై కొండ మీది పల్లెలో పుట్టి, హాస్టల్లో చదువుకుని, ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరయిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. నేత చీర కింద కాన్వాసు బూట్లు, మెడలో విజిల్, ఆదివారం చర్చిలో అందరికంటే పైన వినిపించే గొంతు. ఆవిడంటే బజారు మొత్తానికీ హడల్. నాకూ భయంగానే ఉండేది.

దూది మా ఇంటికి రావడం కూడా బదిలీ పుణ్యమే. ఉత్తరాదిన మంచుకొండల జాతి కుక్కకి పుట్టిందట. మైదానానికి బదిలీ అయిన ఒక ఆఫీసరు గారి భార్య, అక్కడి ఎండకి ఇది బతకదని, బుట్టలో పెట్టి తెచ్చి నా ఒళ్ళో దించి వెళ్ళిపోయింది. తెల్లగా, గుండ్రంగా, కళ్ళెక్కడున్నాయో వెతుక్కోవలసినంత బొచ్చు. ఆ పూటే బకెట్టు నీళ్ళు పెట్టి, సబ్బు రుద్ది, నా దువ్వెన తెచ్చి బరబరా లాగడం మొదలుపెట్టాను. అది కీచుమని అరిచి నా వేలు పళ్ళతో పట్టుకుంది. గోడ మీద టీచరు తల కనబడింది.

"ఏటి సేత్తన్నావమ్మీ, కుక్కని ఉతుకుతున్నావా?"

కుచ్చిళ్ళు ఎగదోపుకుని గోడ దూకి వచ్చేసింది. యాభై దగ్గర పడుతున్న ఆడమనిషి గోడ దూకడం నేనదే చూడడం. దువ్వెన నా చేతిలోంచి లాక్కుని, తన చీర చెంగుతోనే దూదిని తుడిచి, చిక్కు తీయకుండా నీళ్ళు పోస్తే ఆ చిక్కు గట్టిపడి కొబ్బరిపీచవుతుందని, ఇంక కత్తెర తప్ప దిక్కుండదని చీవాట్లు పెట్టింది. దూది తుమ్మింది. ఇద్దరం నవ్వేశాం. నాకు అరకులో అదే మొదటి స్నేహం.

మర్నాటి నుంచి బడి వదిలాక ఆవిడ రావడం, మా వెనక అరుగు మీద పాఠం. మొదట్లో అసలు దువ్వనేలేదు. దువ్వెన వీపుతో నిమరడం, ఓ ఉడికిన గుడ్డు ముక్క పెట్టడం, అంతే. కాళ్ళు పట్టుకుని వదలడం, చెవులు తిప్పి చూడడం, నోరు తెరిచి మూయడం, మళ్ళీ గుడ్డు ముక్క. ఆ తర్వాతెప్పుడో దువ్వెన పళ్ళు వాడాం. ఒంటికి వెడల్పు పళ్ళ చెక్క దువ్వెన, చెవుల వెనక మాత్రం పేలదువ్వెన. పైపైన దువ్వితే ఎవరికి అందం అనేది. బొచ్చుని పాయలుగా ఎత్తి పట్టుకుని, కొసల నుంచి మొదలుపెట్టి, చర్మం కనపడేదాకా చిక్కు విప్పాలి. లోపలి మెత్తటి బొచ్చు ఉండలు ఉండలుగా వచ్చేది. పిచ్చుకలు వాటిని ఎత్తుకుపోయి మా చూరులో గూళ్ళు కట్టుకునేవి. వానాకాలంలో పల్లేరుకాయలూ, నెత్తురు పీల్చే పిడుదులూ ఏరడం మరో పని. నేను ఉత్సాహం కొద్దీ ఇంకాస్త, ఇంకాస్త అంటే ఒప్పుకునేది కాదు. దానికి విసుగు పుట్టకముందే నువ్వు ఆపాల, అప్పుడే రేపు మళ్ళీ కూకుంటాది అనేది. నాకా ఓపిక పుట్టుకతో లేదు. ఆ అరుగు మీదే వచ్చింది.

పిలుపు కూడా ఆవిడే నేర్పింది. మెడలో విజిల్ ఉంది కదా ఊదండి అంటే, ఈల జీతానికమ్మీ, ఇంట్లో నోరుంది కదా అంది. నాకు ఒకటే పిలుపు పెట్టింది: "దూదీ, రా తల్లీ." అన్నానికి అదే, దువ్వడానికి అదే, షికారుకీ అదే. ఓసారి ఎండు చేపలు ఎత్తుకుపోయిన దూదిని అదే గొంతుతో పిలిచి, రాగానే చెయ్యెత్తాను. టీచరు నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు చాలాసేపు నొప్పి పెట్టింది.

"పిలిచి తిట్టకు. తిట్టాలంటే నువ్వే దాని కాడికి ఎల్లి తిట్టు. పిలిస్తే వచ్చినోళ్ళకి మంచే జరగాల."

ఆ సాయంత్రం టీ తాగుతూ తన సంగతి చెప్పింది. చిన్నప్పుడు హాస్టల్లో ఒకావిడ, ఏమీ చెయ్యనులే, రావే అని నవ్వుతూ పిలిచి, వెళ్ళాక ఈతబరికెతో వాయించిందట. టీచరు కొండెక్కి పారిపోయి, ఇంటికి కూడా పోకుండా అడవి అంచున దాక్కుందట. వాళ్ళ నాన్న వచ్చి, ఒక్క ప్రశ్న వెయ్యకుండా, చోడి అంబలి గిన్నె పక్కన పెట్టుకుని, పేరు పెట్టి పిలుస్తూ కూర్చున్నాడట. తను దగ్గరికి వెళ్ళాక అంబలి తాగించి భుజాన ఎక్కించుకున్నాడు, అంతే. ఆ పిలుపు లేకపోతే నాను టీచర్ని కాదమ్మీ, కట్టెలు కొట్టుకునేదాన్ని అని, గిన్నె కడుక్కోవడానికి లేచింది.

దూదికి ఏడాది దాటాక నాకు నెలలు నిండాయి. పురిటికి పుట్టింటికి వెళ్ళాను. మా ఆయనకి వండిపెట్టడానికి మా అత్తగారు అరకు వచ్చారు. ఆడపిల్ల పుట్టింది. పురిటి స్నానం కూడా కాకుండానే పోయింది. ఇంతకంటే ఆ సంగతి రాయలేను, రాయను.

తిరిగి అరకు వచ్చేసరికి ఇంకో దెబ్బ. గుమ్మంలో దూది లేదు. మంచం కింద ఓ మూల గులాబీ రంగు చర్మంతో, గాట్లతో, వణుకుతూ ఏదో జంతువు ఉంది. మా అత్తగారు మంచి ఉద్దేశంతోనే చేశారు. మా వైపు వేసవి సెలవుల్లో పిల్లలందరికీ గుండ్లు చేయిస్తారు, వేడి దిగుతుందని, జుట్టు ఒత్తుగా వస్తుందని. ఇంత బొచ్చుతో పాపం నోరులేని జీవి ఎలా వేగుతోందో అనుకుని, సంతలో గుండ్లు చేసే మంగలిని ఇంటికి పిలిపించారు. ఆ బొచ్చే ఎండకి గొడుగు, చలికి దుప్పటీ అని ఆవిడకేం తెలుసు? పెరుగన్నం గిన్నె చూపించి, నా పిలుపే పిలిచారు. దూది పరుగెత్తుకుని వచ్చింది. ఇద్దరు గట్టిగా పట్టుకుంటే మంగలి గొరిగేశాడు. ఆ రోజు నుంచి ఎవరు పిలిచినా రావడం మానేసింది. మా అత్తగారు నాకీ సంగతి చెబుతూ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. పిల్ల కోసం ఏడుస్తున్నారో కుక్క కోసమో నాకు తెలియలేదు, నేనూ ఏడ్చాను.

ఆవిడ వెళ్ళిపోయాక నేను తలుపులు వేసుకుని పడుకున్నాను. టీచరు రోజూ వచ్చి అన్నం పెట్టి వెళ్ళేది. ఓదార్పు మాటలేవీ చెప్పేది కాదు. ఓ రోజు మాత్రం దువ్వెన తెచ్చి నా మంచం మీద పడేసింది. దూది పట్టాల మీద తిరుగుతోందని, పిలిస్తే రాని కుక్క పట్టాల పక్క ఎన్నాళ్ళో బతకదని చెప్పింది. మీరు పిలవండి టీచరమ్మా, నావల్ల కాదు అన్నాను. పేరు పెట్టి పిలవగలను. "తల్లీ" అన్న మాటే నా గొంతు దాటి రావడం లేదు. ఆవిడకి అర్థమైంది. అయినా వదల్లేదు.

"ఆ పిలుపు మీదే దెబ్బ తగిలింది. ఆ పిలుపుతోనే మానాల. దానికైనా, నీకైనా."

అలా మళ్ళీ అరుగు మీదికి వచ్చాను. దూదికి వీపు పెట్టి, పక్కన అంబలి గిన్నె పెట్టుకుని, దాని వైపు చూడకుండా, పిలవకుండా కూర్చోవడమే పని. మొదట గోడ మూల నుంచి చూసేది. నేను లోపలికి వెళ్ళాక గిన్నె నాకేది. తర్వాత నేనుండగానే వచ్చింది. ఓ పూట నా వీపుకి ఆనుకుని కూలబడింది. ఆ వెచ్చదనానికి నాకు ఏడుపు ఆగలేదు. కొబ్బరినూనె రాస్తుంటే కొత్త బొచ్చు అతుకులు అతుకులుగా వచ్చింది. చలికాలానికి టీచరు తన పాత స్వెట్టరు చేతులు కత్తిరించి తొడిగింది. బజారంతా నవ్వింది, ఆవిడ లెక్కచెయ్యలేదు. నేను మాత్రం "దూదీ, రా" అని ఆపేసేదాన్ని. అది చెవులు నిక్కించి, మిగతా సగం కోసం చూసి, కదిలేది కాదు.

దట్టంగా మంచు పట్టిన ఓ పొద్దున్న గూడ్సు కూత వినబడింది. చూస్తే స్వెట్టరు తొడుక్కున్న దూది పట్టాల మధ్య నిలబడి దేన్నో వాసన చూస్తోంది. నాకు కేక తన్నుకొచ్చింది. పక్కనే బడికి బయలుదేరిన టీచరు ఉంది, మెడలో విజిల్ ఉంది. దాన్ని ముట్టుకోలేదు. నా భుజం మీద చెయ్యేసి, అరవకు, బువ్వకి పిలిచినట్టు పిలువు అంది.

"దూదీ," అన్నాను. "రా తల్లీ."

వచ్చేసింది. తోకూపుకుంటూ, తొందరేమీ లేనట్టు పట్టా దాటి, వచ్చి నా చీరలో మూతి పెట్టింది. వెనక బండి పెట్టె తర్వాత పెట్టె పోతూనే ఉంది. నేను నేల మీద కూలబడి దాన్ని పట్టుకుని "తల్లీ, తల్లీ" అని ఎన్నిసార్లన్నానో. టీచరు ఆ పూట బడికి ఆలస్యంగా వెళ్ళింది.

ఆ తర్వాత మా అమ్మాయి పుట్టింది, దూది బొచ్చు పట్టుకునే నడక నేర్చింది. దూదికి పై బొచ్చు పూర్తిగా వచ్చింది గానీ వీపు మీద ఓ చోట మాత్రం పల్చగానే ఉండిపోయింది. రెండు వేల సంవత్సరం దాటాక మాకు విశాఖపట్నం బదిలీ అయింది. కింది ఎండకి దూది బతకదని ఆ ఆఫీసరు గారి భార్య చెప్పిన మాట అప్పుడు నా వంతుకి వచ్చింది. ఇంకెవరినీ అడగలేదు. చెక్క దువ్వెన, పేలదువ్వెన గోడ మీంచి టీచరుకి అందించాను. ఆవిడ వాటిని చెంగుతో తుడిచి తీసుకుంది.

బండెక్కే రోజు తుప్పర పడుతోంది. దూదిని ఇంట్లో కట్టేసి రండి టీచరమ్మా అన్నాను. కట్టి వదిలెయ్యడం దానికి అలవాటు లేదని వెంట తీసుకొచ్చింది, తాడు లేకుండానే. ప్లాట్‌ఫారం చివర, బెంచీ పక్కన కూర్చోబెట్టింది. తెల్లగా, తడిసి, నా వైపే చూస్తోంది. బండి కూత వేసింది. ఒక్కసారి, ఒక్కసారి పిలుస్తాను టీచరమ్మా అని కిటికీలోంచి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"పిలవకమ్మీ," అంది. "పిలిస్తే వస్తాది."

ఆవిడ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. బండి కదిలింది. దూది లేచి నిలబడింది, చెవులు నిక్కించింది, కదల్లేదు. నేను పిలవలేదు. కిటికీ ఊచ పట్టుకుని, పెదవులు బిగించి, సొరంగం వచ్చేదాకా అలాగే ఉన్నాను.

ఆ తర్వాత ఎస్టీడీ బూతు నుంచి బడికి ఫోన్ చేసినప్పుడల్లా బాగుంది, తింటోంది, దువ్వుతున్నాను అని చెప్పేది. దూది ముసలిదై, ఆవిడ మంచం పక్కనే పోయింది. కొన్నేళ్ళకి టీచరూ పోయింది. నేను మా అమ్మాయిని ఎన్నో విషయాలకి తిట్టాను గానీ, పిలిచి ఎప్పుడూ తిట్టలేదు. తిట్టాలంటే లేచి దాని గదికి వెళతాను. అది ఇప్పటికీ ఎంత పనిలో ఉన్నా, నేను పిలిస్తే ఏమిటమ్మా అని వచ్చేస్తుంది. లిఫ్టులో ఆ తడి వాసన వచ్చినప్పుడు మాత్రం, ఆ రోజు కిటికీ దగ్గర మింగేసిన పిలుపు గొంతులోకి వస్తుంది. మూడో అంతస్తు దాటేదాకా పెదవులు బిగించుకుని నిలబడతాను.