ఎజ్రా కారు బెల్టు

బేస్తవారిపేట కార్ల స్టాండులో పదహారేళ్లుగా బాడుగ కారు తోలుతున్న పాల్ రాజుకు, సాటి డ్రైవరు ఎజ్రా పేరు వింటేనే కడుపుమంట. మూడేళ్ల కిందట గిద్దలూరు దాటి నల్లమల ఘాట్ ఎక్కుతుండగా పాల్ రాజు కారు టైమింగ్ బెల్టు తెగింది. వాల్వులు వంగి, ఇంజను మొత్తం విప్పాల్సి వచ్చింది. కారు షెడ్డులో ఉన్న రెండు నెలల్లో అతని బేరాలన్నీ ఎజ్రాకు పోయాయి. కారు బాగై వచ్చింది గానీ బేరాలు తిరిగి రాలేదు. ఆఖరికి పాస్టరుగారు కూడా కనిగిరి ప్రార్థన కూటాలకు ఎజ్రానే పిలుస్తున్నారు.

పోయిన ఏడాది ఎజ్రా ఒక టీచరమ్మ దగ్గర ఏడేళ్ల బండి కొన్నాడు. తక్కువ కిలోమీటర్లే తిరిగిందని స్టాండులో అందరికీ మీటరు చూపించి మురిసిపోతుంటే పాల్ రాజు ఉండబట్టలేకపోయాడు.

"అరవై వేలే తిరిగితే ఏంది? బెల్టు మార్చినారా?"

"లక్షకు గదన్నా మార్చేది."

"లక్షో, ఐదేళ్లో, ఏది ముందొస్తే అది. బండి తిరక్కపోయినా రబ్బరు ఎండిపోతాది. తెగిందంటే నీ టెక్కంతా ఘాట్లో దిగిపోతాది."

ఎజ్రా నవ్వాడు. "నాకు బేరాలొస్తాంటే ఓర్వలేక అట్లంటాండావులే."

స్టాండంతా నవ్వింది. ఓర్వలేక అన్న మాట నిజమే. అయితే చెప్పింది అబద్ధం కాదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు, వచ్చే శనివారం ఎజ్రా ఊళ్లోని సరోజమ్మ వాళ్లను చంటిబిడ్డతో సహా నంద్యాలకు తీసుకుపోతున్నాడని తెలిసింది. అదే ఘాట్. 'తెగనీ' అనుకున్నాడు పాల్ రాజు ముందు. ఆనాడు నీళ్లు కూడా దొరకని చోట ప్రయాణికులతో నాలుగు గంటలు నిలబడ్డది గుర్తొచ్చి, మార్కాపురంలో, స్టాండు బండ్లన్నీ చూసే మెకానిక్ అష్రఫ్ దగ్గరికి పోయాడు.

"భాయ్, ఎజ్రా బండి బెల్టు ఒకసారి చూడు. నేను చెప్పినానని మాత్రం అనొద్దు."

"నువ్వే చెప్పొచ్చు గదా?"

"చెప్పినా. నా నోట్లోంచి వస్తే వాడికి కుళ్లు మాదిరే వినపడింది."

గురువారం అష్రఫ్ ఎజ్రాను పిలిపించి బెల్టు విప్పాడు. దాని నిండా పగుళ్లే. కొత్తది వేశాడు. నంద్యాల ప్రయాణం సుఖంగా జరిగింది. సోమవారం ఎజ్రా పాత బెల్టును స్టాండుకు తెచ్చి అందరికీ చూపించాడు.

"అష్రఫ్ భాయ్ పిలిచి చెప్పబట్టి గానీ, లేకుంటే నా ఇంజను పోయేది. మెకానిక్కంటే ఆయనే!"

అందరూ అష్రఫ్‌ను పొగిడారు. పాల్ రాజు ఇంటికి వచ్చి, జరిగిందంతా భార్య ఫెబీకి చెప్పాడు.

"మంచి పని చేసినావు గదా, ఇంకేంది?" అందామె.

"చేసినాలే. ఇన్నాళ్లూ వాడొక్కడి మీదే మండేది, ఇప్పుడు అష్రఫ్ మీద గూడా మండతాంది."