పాత అమెరికా కారులో నడిమి బెల్టు

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే నాకు నవ్వొచ్చేది. నేను చేసే పని అలాంటిది మరి. నెల్లూరులో మైపాడు రోడ్డు పక్కన మాకొక షెడ్డుంది. మా ఆయన కార్లు బాగుచేస్తాడు, నేను కార్ల సీట్లు కుడతాను. హైవే మీద గుద్దుకున్న కార్లు ఎన్నో మా దగ్గరికి వచ్చాయి. రక్తం ఎండి అట్టకట్టిన కవర్లను ఈ చేతులతోనే విప్పాను. సబ్బుతో కడుక్కుని ఆ చేతులతోనే అన్నం తిన్నాను. ఏ రోజూ నాకు నిద్ర పట్టకపోలేదు.

ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాతి సంగతి విని నన్ను పిరికిదాన్ని అనుకుంటారని.

పోయిన ఎండాకాలం ప్రసాదరెడ్డి గారు ఒక పాత అమెరికా కారు తెచ్చారు. ఆయనకు మైపాడు దగ్గర రొయ్యల చెరువులున్నాయి. చెన్నైలో ఎవరో బంగళా ఖాళీ చేస్తుంటే అక్కడ ఈ కారు చూసి మోజుపడి కొన్నారట. లేత పచ్చరంగు, ఎడమవైపు స్టీరింగు. షెడ్డులో పెడితే ముక్కు బయటికి వచ్చేంత పొడుగు. మనవరాలి ఆరో పుట్టినరోజుకు పాపను అందులో సముద్రానికి తీసుకెళ్ళాలని ఆయన కోరిక.

దానికి సామాన్లు వెతికేసరికి మా ఆయనకు తల ప్రాణం తోకకొచ్చింది. బ్రేకు రబ్బర్లు అమెరికా నుంచి పార్సిల్లో రావడానికి రెండు నెలలు పట్టింది. విరిగిన తలుపు పిడి చూపించి లేతు మీద కొత్తది చేయించాడు. అద్దాలకు రబ్బరు దొరక్క బస్సు రబ్బరు కోసి అతికించాడు. అంతా అయిపోయిందనుకున్నాక రెడ్డిగారి భార్య వచ్చింది. వెనక సీటు చూసి ఒక్కటే మాట అన్నది.

"బెల్టులు యాడుండాయి? బెల్టు లేకుండా బిడ్డని ఎక్కనిచ్చేది లే."

ఆ కారు తయారైన కాలంలో దానికి బెల్టులే లేవు. అమెరికా నుంచి తెప్పించినవి దారిలో ఎక్కడో ఆగిపోయాయి. చూస్తుండగానే పుట్టినరోజు వారంలోకి వచ్చేసింది. మా ఆయన నాయుడుపేట వైపు వెళ్ళి, పాత బండ్ల సామాన్లు అమ్మే కొట్లో మూడు బెల్టులు తెచ్చాడు. వ్యాన్ల వెనక సీటువి, నడుముకు మాత్రమే పెట్టుకునేవి. వాటికి తమంతట తాము చుట్టుకునే స్ప్రింగు ఉండదు. కొస పట్టుకుని చేత్తో లాగితేనే పొడుగు సరిచేసే క్లిప్పు జరిగి బిగుస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి.

మా పనిలో ఒక నియమం ఉంది. ప్రమాదంలో మనిషి బరువు పడిన బెల్టును మళ్ళీ ఏ బండికీ వేయకూడదు. అది సాగిపోయి ఉంటుంది, ఇంకోసారి మనిషిని ఆపలేదు. గుర్తుపట్టడం తేలికే. క్లిప్పు కొరికిపట్టిన చోట నేత నునుపుదేలి మెరుస్తుంది. మూడింట్లో రెండు బాగున్నాయి. మూడోదాని మీద వేలెడు వెడల్పున ఆ మెరుపు కనిపించింది.

"చూసినావా, బాగుండాయా?" అని మా ఆయన అడిగాడు.

"చూసినాలే, బాగుండాయి" అన్నాను.

మళ్ళీ నాయుడుపేట దాకా ఎవరు తిరుగుతారు, నడిమి సీట్లో ఎవరు కూర్చుంటారులే అనుకున్నాను. తప్పు నాది. ఇంకొకరి మీద తోయను.

మా ఆయన నేలరేకుకు బెజ్జాలు వేసి, అడుగున మందపాటి ఇనుప పలకలు పెట్టి బోల్టులు బిగించాడు. ఆ మూడో బెల్టును నడిమికి నేనే అందించాను.

మర్నాడు మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్ళాడు. నేను కుట్టు సరిచూద్దామని వెనక తలుపు తీశాను. నడిమి బెల్టు పెట్టి ఉంది. ఖాళీ సీటుకు బెల్టు పెట్టి బిగించి ఉంది. మా ఆయనే బోల్టులు చూడ్డానికి పెట్టి ఉంటాడనుకుని తీసేశాను. బెల్టును వదులుగా సాగదీసి, క్లిప్పు ఎక్కడుందో అక్కడ చాక్‌పీసుతో గీత గీశాను. తలుపులన్నీ తాళం వేసి తాళంచెవి కొంగున ముడేసుకున్నాను.

రెండో మధ్యాహ్నం నేనే తాళం తీశాను. బెల్టు మళ్ళీ పెట్టి ఉంది. నా గీత ఒకచోట, క్లిప్పు ఒకచోట. క్లిప్పు సరిగ్గా ఆ మెరుపు మీద నిలబడి ఉంది. ఆ సందులో నాలుగేళ్ళ పిల్ల తప్ప ఎవరూ పట్టరు. కింద సీట్లో చిన్న గుంట పడి ఉంది. నేను వేసింది కొత్త ఫోము, నొక్కి వదిలితే వెంటనే లేస్తుంది. పెళ్ళైనప్పటినుంచీ ఫోముతోనే బతుకుతున్నదాన్ని, ఆ మాత్రం తెలుసు. బెల్టు తీసిందాకా ఆ గుంట లేవలేదు.

టేపు తీసి, క్లిప్పు నిలిచిన చోటికి బెల్టు పొడుగెంతో కొలిచి కాగితం మీద రాసుకున్నాను. ఎందుకు రాసుకున్నానో తెలియదు, అలవాటు అంతే. మా ఆయనకు మాత్రం చెప్పలేదు. ఇది చెబితే ఆ మెరుపు సంగతీ చెప్పాలి కదా.

మా మామ పెట్టిపోయిన ఆనవాయితీ ఒకటుంది. ఏ సీటు కుట్టినా అప్పగించే ముందు మా ఇంటి పిల్ల అందులో మొదట కూర్చోవాలి. "మన బిడ్డని కూర్చోబెట్టలేని సీటు ఇంకొకరికి ఇయ్యగూడదు" అనేవాడాయన. మా శ్రావణికి తొమ్మిదేళ్ళు. ఆ రోజు ఐస్‌క్రీము ముడుతుంది కాబట్టి దానికి ఈ ఆనవాయితీ అంటే మహా ఇష్టం. అప్పగించే రోజు పొద్దున్నే తయారై వచ్చింది. వద్దనడానికి నా దగ్గర కారణం లేదు. కారణం ఉంది, చెప్పే ధైర్యం లేదు.

కిటికీ పక్క సీట్లు రెండింటిలోనూ కూర్చుని బెల్టు పెట్టుకుని చూసింది. తర్వాత నడిమి సీటు. అక్కడికొచ్చి ఆగిపోయింది.

"చోటు లేదమ్మా" అంది.

"నలుగురు పట్టే సీటు, చోటు లేదంట దీనికి!" అని మా ఆయన నవ్వాడు.

అది ఒక పక్కకు ఒదిగి కూర్చుంది. నేనే బెల్టు పెట్టి, పిడికిలి పట్టేంత వదులుగా ఉంచి, వెనక్కి వచ్చి నిలబడ్డాను.

అప్పుడు బెల్టు కొస కదిలింది. ఎవరూ పట్టుకోలేదు. పొద్దున తొమ్మిది గంటల వెలుతురులో, నా కళ్ళముందే కొస నెమ్మదిగా సాగుతోంది, క్లిప్పు గుండా నేత జారుతున్న చప్పుడు వినిపిస్తోంది. "అమ్మా, బిగుస్తా ఉండాదే!" అని శ్రావణి అరిచింది. మా ఆయన రెండు బొటనవేళ్ళతో బెల్టు తాళాన్ని నొక్కాడు. ఊడలేదు. పిల్ల గొంతులోంచి మాట రావడం ఆగిపోయింది.

రెక్సిను కోసే కత్తి తెచ్చాను. బెల్టుకూ పొట్టకూ మధ్య వేలు కూడా దూరడం లేదు. కత్తి కొన ఎక్కడ దిగుతుందోనని ఏడుస్తూ పక్కనుంచి కోశాను. నా జన్మలో అంత భయం ఎరగను. తెగగానే పిల్ల నా మీద పడింది. పొట్ట మీద ఎర్రగా వాత తేలింది. తెగిన బెల్టు మీద క్లిప్పు ఆ మెరుపు దగ్గరే ఉంది.

అక్కడే కూలబడి మా ఆయనకు అంతా చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. నాయుడుపేట కొట్టుకు ఫోను చేస్తే, "హైవే మీద బోల్తాపడిన వ్యానుదన్నా. ఎవరుండారో, ఏమైనారో నాకేం తెల్సు?" అన్నాడు కొట్టువాడు. వెంటనే ఆ బెల్టు విప్పి పారేశాం. రెడ్డిగారికి మాత్రం నడిమి బెల్టు సాగిపోయిందని, పాపను కిటికీ పక్కనే కూర్చోబెట్టమని చెప్పాం. అంతకుమించి చెప్పలేదు.

మర్నాడు సాయంత్రం సముద్రం నుంచి వచ్చాక ఆయన సంతోషంగా ఫోను చేశారు. బండి బ్రహ్మాండంగా నడిచిందన్నారు. పెట్టేసేముందు నవ్వుతూ అన్నారు.

"మా బుడ్డది దోవ పొడుగూతా ఒకటే పోరమ్మా. నడిమి పాపకి బెల్టు పెట్టలేదేం తాతా, పడిపోతాదే అని. మీ పాపేమైనా ఎక్కినాదా ఏంది?"

శ్రావణి ఆ రోజంతా ఇంట్లో నా పక్కనే పడుకుని ఉంది. ఫోను నా చేతిలోంచి మా ఆయన తీసుకున్నాడు.

ఆ బెల్టు ఎలా బిగిసిందో, ఆ పాపకు ఏం కనిపించిందో ఇప్పటికీ నాకు తెలియదు. దయ్యమని అనలేను, కాదనీ అనలేను. ఒకటే గుచ్చుకుంటుంది. ఆ బెల్టు కోసింది నేనే.

నెల తర్వాత అమెరికా బెల్టులు వచ్చాయి. నేనే రెడ్డిగారికి ఫోను చేసి కారు తెప్పించాను. నడిమికి కొత్త బెల్టు వేసి, కాగితంలో రాసుకున్న కొలతకు క్లిప్పు జరిపి, ఖాళీ సీటుకు పెట్టి పంపాను.

ఆ ఒక్కసారి మాత్రం మా పిల్లను మొదట కూర్చోబెట్టలేదు. అక్కడ చోటుందో లేదో నాకు తెలియదు.