ఓనర్ లేని ఇప్పచెట్లు

డిగ్రీ పూర్తయి ఖాళీగా ఉన్న రోజులు. పినపాక వైపు అడవిలో రోడ్డు వెడల్పు చేయడానికి ఏదో విదేశీ బ్యాంకు అప్పిస్తోందని, సర్వేకి మనుషులు కావాలని తెలిసి చేరాను. రోడ్డు వల్ల ఎవరు ఏం పోగొట్టుకుంటారో ఇంగ్లీషు ఫారంలో రాయడం నా పని. మంచి పని దొరికిందని ఆదివారం చర్చిలో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను కూడా. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఒక కోయగూడెం దగ్గర వాన పట్టుకుంది. రోడ్డు పక్క గుడిసెలోంచి ఒక అవ్వ పిలిచింది. తల తుడుచుకోమని తువ్వాలిచ్చి, కుండలో దాచిన ఎండు ఇప్పపువ్వు వేయించి ఆకు దొప్పలో పెట్టింది. ఆకలి మీదున్నాను. రెండోసారి అడిగి మరీ పెట్టించుకున్నాను.

"అగో, ఆ మూడు చెట్లయి," అంది రోడ్డు అంచుకు చూపిస్తూ. "మా అత్త నాకిచ్చింది. నేను నా కోడలికిస్త."

ఆ చెట్లకు పట్టాలుండవు. ఎండాకాలం మొదట్లో చెట్టు కింద ఆకులూడ్చి, తగలబెట్టి, నేల శుభ్రం చేసిన ఇంటిదే ఆ చెట్టు. దాని పువ్వు ఇంకొకరు ఏరరు. పువ్వు సంతలో అమ్మితే ఉప్పూ మిరపకాయలూ, గింజలు ఆడిస్తే నూనె. ఆమె ఇల్లు గడిచేది వాటితోనే. మేం సర్వేకి వెళ్లిందేమో వానాకాలం. చెట్ల కింద గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది. చూసేవాళ్లకు అవి ఎవరివీ కానట్టే కనిపిస్తాయి.

ఓనర్ అన్నచోట పెన్సిల్‌తో ఆమె పేరు రాశాను.

"రాసినవా బిడ్డా?"

"రాసిన అవ్వా. చెట్లు కొడితె నీకు పైసలిస్తరు."

సాయంత్రం క్యాంపులో ఇంజనీరు సారు ఫారం చూసి మొహం చిట్లించాడు.

"పట్టా ఉందా? లేదు గదా. గవర్నమెంట్ అని రాయమ్మా. ఒక్క పేరున్నా, ఆమెకు పైసలిచ్చినట్టు కాగితం చూపించేదాకా బ్యాంకోళ్లు కిస్తు ఆపుతరు. ఇగ పనెప్పుడు మొదలైతది?"

పేదవాళ్లకు అన్యాయం జరగకూడదని పెట్టిన నియమమట అది! దాన్ని దాటడానికి ఒక రబ్బరు ముక్క సరిపోయింది. చెరిపింది నేనే. ఉద్యోగం పోతుందని భయపడ్డాను.

తర్వాత బ్యాంకు తరఫున కార్లో వచ్చిన దొర ఫైలు తిరగేసి, ఎవరికీ నష్టం లేని రోడ్డని మెచ్చుకున్నాడు. గూడెం దగ్గర కారు దిగను కూడా లేదు. సిగ్గులేని మనుషులం, అందరం చప్పట్లు కొట్టాం.

రోడ్డు అద్దంలా వేశారు, కాదనను. దాని మీద బొగ్గు లారీలు, కర్ర లారీలు ఆగకుండా పోతాయి. గూడెం దగ్గర బస్సు మాత్రం ఆపరు. అప్పు దగ్గరికి వచ్చేసరికి అందరూ సమానమే. సబ్బుబిళ్ల కొన్నప్పుడల్లా దాని మీది పన్నుతో అవ్వ కూడా ఆ అప్పులో తన వంతు కట్టాల్సిందే. ఎవరినడిగి తెచ్చారు ఈ అప్పు? ఎవరి చెట్లు కొట్టి ఎవరికి దారి వేశారు?

ఆ మరుసటి ఎండాకాలం ఖమ్మం బస్టాండులో అవ్వ కనిపించింది. సరిగ్గా ఇప్పపువ్వు రాలే రోజులు. ఆమె మూట కట్టుకుని ముదిగొండ వైపు మిరపకాయలు ఏరే కూలికి పోతోంది. ఆ వయసులో, ఆ ఎండలో. నన్ను ఆమే ముందు గుర్తుపట్టింది.

"చెట్లు కొట్టినంక ఆఫీసుల పోయి అడిగిన. అవి సర్కారు చెట్లన్నరు. నువ్వే గట్ల రాసినవంట."

ఇంతలో బస్సొచ్చింది. మూటకు సాయం పట్టబోతే పక్కకు జరుపుకుంది. మెట్టెక్కి, నా వైపు తిరిగి అడిగింది:

"ఆనాడు మా ఇంట్ల ఇప్పపువ్వు తిన్నవ్ గదా బిడ్డా. ఎవల చెట్టుదనుకొని తిన్నవ్?"